ముప్పై ఐదు దాటినవాళ్లు

ఆ ఎన్నికల సీజన్‌లో మా గదిలో తొమ్మిది కేకులు కోశాం. అందులో ఒక్కటి కూడా ఎవరి పుట్టినరోజుదీ కాదు.

ఈ దేశంలో రాజకీయ మీటింగులు పెట్టకూడదు. పదిహేను మంది మగవాళ్లు వరసగా మెట్లెక్కి ఒకే ఫ్లాట్‌లోకి పోతుంటే వాచ్‌మన్ ఆపి అడుగుతాడు. అందుకని మా అన్న మల్లేశ్ ప్రతి ఆదివారం పొద్దున కింద బేకరీలో ఒక చిన్న కేకు తెచ్చేవాడు. మొదటి ముక్క వాచ్‌మన్‌కు. మీటింగ్ మొదలుపెట్టేముందు అన్న కూతురు సంజన కొవ్వొత్తి ఊదేది. ఏడేళ్ల పిల్ల. మొదట్లో తనే చప్పట్లు కొట్టుకునేది. అక్టోబరు వచ్చేసరికి హోంవర్కు పుస్తకం చేతిలో పట్టుకునే వచ్చి, ఊది, మళ్లీ మూలకు పోయి కూర్చునేది.

2023లో తెలంగాణ ఎన్నికల ముందు మాట ఇది. మేము షార్జాలో రోలాలో ఉండేవాళ్లం. మూడు గదుల ఫ్లాట్‌లో ఒక గది మాది. అన్న, వదిన నవత, సంజన మంచం వైపు. పరదాకు ఇవతల నేను. అన్న ఉమ్ అల్ క్వైన్‌లో ఒక పైపుల ఫ్యాక్టరీలో స్టోరు చూసేవాడు. తెల్లవారకముందే కంపెనీ బస్సు వచ్చేది. నేను రోలా బజారులోనే ఒక టైపింగ్ సెంటర్లో పనిచేసేదాన్ని. వీసా ఫారాలు, అద్దె కాగితాలు కొట్టడం నా పని.

మా అన్నది ఏ పార్టీయో రాయను. అన్ని పార్టీలకూ అలాంటి యువజన విభాగం ఒకటి ఉంటుంది, దాని తీరు కూడా ఇంచుమించు ఒకటే. హైదరాబాదులో రాష్ట్ర కమిటీ. దాని కింద గల్ఫ్ శాఖ. శాఖ కింద షార్జా, ఉమ్ అల్ క్వైన్ లాంటి ఒక్కో ఎమిరేట్‌కు ఒక కన్వీనరు. కన్వీనరు కింద లేబర్ క్యాంపుల బాధ్యులు, వాళ్ల కింద రూమ్ బాధ్యులు. పన్నెండు మంది పడుకునే గదిలో ఒకడు బాధ్యుడు, పదకొండు మంది కార్యకర్తలు. అన్న రూమ్ బాధ్యుడిగా మొదలుపెట్టి, పదమూడేళ్లలో ఉమ్ అల్ క్వైన్ కన్వీనరు దాకా వచ్చాడు. ఈసారి గల్ఫ్ శాఖ అధ్యక్షుడు అతనేనని అందరూ అనుకున్నారు. అన్న కూడా అనుకున్నాడు.

అధ్యక్షుడంటే ఎన్నికల రోజుల్లో ఊళ్లో ఉండి, గల్ఫ్ కుటుంబాల ఇళ్లన్నీ తిరగాలి. ఆ తర్వాత జిల్లా కమిటీలో చోటు ఇస్తామని చెప్పారట. అందుకని కొత్త కమిటీ లిస్టు వచ్చిన రోజే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తానన్నాడు. అన్న ఉద్యోగం పోతే వదిన వీసా, సంజన వీసా, బడి, ఈ గది అన్నీ పోతాయి. నా వీసా నా షాపుదే. కానీ నేను పడుకునేది ఆ పరదా ఇవతల.

"సంజన పరీక్షలు మార్చిల గదా. అప్పటిదాంక ఆగరాదా?" అంది వదిన ఒకరోజు.

"ఎలక్షన్ మార్చిల పెట్టుమని చెప్పనా?" అన్నాడు అన్న.

వదిన నవ్వింది. తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

సెప్టెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం అన్న బియ్యం సంచి భుజాన వేసుకుని మా షాపుకు వచ్చాడు. సంచి నిండా సభ్యత్వ ఫారాలు, ప్రతి ఫారానికీ పిన్ను కొట్టిన పాస్‌పోర్టు జిరాక్సు. బయట ఎండకు చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. లోపల జిరాక్సు మిషను దగ్గర షావలి ఉన్నాడు. నంద్యాలవాడు, మా షాపులో నాకంటే పాతవాడు. అన్నను చూడగానే అతనికి నోరు ఊరుకోదు.

"రాప్పా యువనాయకా! ముందరి జుట్టంతా పాయె, యువ మాత్రం పోకపాయె!"

"షావలి భాయ్, మా రాష్ట్రంల నీకు ఓటే లేదు. నీకెందుకు మాట?"

"ఓటు లేకుంటే నవ్వేకి గూడా లేదా ఏం?"

అన్న సంచి నా టేబుల్ పక్కన దించి, ఫోన్ తీసి హైదరాబాదు నుంచి వచ్చిన మెసేజ్ చదివాడు. ఈసారి అంతా కంప్యూటర్లోనే. వాళ్లు పంపిన షీట్‌లోనే పేర్లు ఎక్కించాలి. యువజన విభాగంలో ముప్పై ఐదు దాటినవాళ్లు ఉండకూడదు. గల్ఫ్ సభ్యులకు పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఏది ఉంటే అదే.

"నిరుడు ఒకాయన మనుమని తొట్టెల నాడు తీసిన ఫోటో యువనాయకుడని పేపర్ల వచ్చిందట. పార్టీ ఇజ్జత్ పోయింది. అందుకే గింత స్ట్రిక్టు" అన్నాడు అన్న. అని, "మంచిదే. పద్ధతి ఉండాలె" అని తనే అన్నాడు.

షాపు పని అయ్యాక రోజుకు కొన్ని చొప్పున కొట్టాను. నాలుగు వందలకు పైగా ఫారాలు. నేను ఊరి బడిలో పదో తరగతి చదివి, మండలంలో టైపు నేర్చుకున్నదాన్ని. నాకు తొందర ఉండదు, తప్పులూ ఎక్కువ ఉండవు. ఆ షీట్ ఎలా ఉండేదంటే, ముప్పై ఐదు దాటిన తేదీ కొడితే ఆ వరస మొత్తం ఎర్రబడేది. అలాంటి ఫారాలు పక్కకు పెట్టమన్నాడు అన్న. పెట్టాను. అరవై మూడు అయ్యాయి.

వాటిని అన్న ఆ ఆదివారం మీటింగ్‌లో చదివాడు. నేను గుమ్మం దగ్గర కేకు ముక్కలు ప్లేట్లలో పెడుతున్నాను. కట్టలో అన్నిటికంటే పైన ఉన్న ఫారం హన్మంతు బాపుది. ఆయన మేస్త్రి. ఈ విభాగాన్ని ఇక్కడ మొదలుపెట్టింది ఆయనే. అందరూ ఆయనకు మంచం మీద చోటు వదిలి కింద కూర్చునేవాళ్లు.

"నాదే గదా పైనున్నది? తియ్, తియ్" అన్నాడు హన్మంతు బాపు. "గీ ముచ్చట ముందే తెల్వాలె. రెండువేల పదిల మేం క్యాంపుల మొదలుపెట్టిన నాడు పదకొండు మందిమి, ఒక్కటే సాప. శుక్రవారం సెలవుండె అప్పుడు. యువజన విభాగం అని పేరు పెట్టుకున్నం. అప్పుడే నాకు ముప్పై తొమ్మిది."

గదంతా నవ్వింది. అన్న కూడా నవ్వి ఆ ఫారం మడిచి పక్కన పెట్టాడు. పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాడు. కొందరు చెయ్యెత్తి సరేనన్నారు. కొందరు ఆ రోజు రాలేదు. ఇరవయ్యో పేరో ఇరవై ఒకటో భూమేశ్‌ది వచ్చింది.

భూమేశ్ క్యాంపు బాధ్యుడు. సన్నగా ఉంటాడు, ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చుంటాడు. క్యాంపులో ఎవరికి జబ్బు చేసినా, ఎవరి పాస్‌పోర్టు కంపెనీ పట్టుకున్నా ముందు పోయేది అతనే. ఆ వేసవిలో ఒకతను గుండె ఆగి చనిపోతే శవాన్ని ఊరికి పంపే కాగితాలన్నీ అయ్యేదాకా ఆరు రోజులు తిరిగింది కూడా అతనే. ఆ కాగితాలు నేనే కొట్టాను. అందుకే నాకు తెలుసు.

"అన్నా, నాకు ముప్పై మూడే" అన్నాడు భూమేశ్.

"పాస్‌పోర్ట్‌ల ముప్పై ఏడున్నది."

"ఏజెంట్ పెంచిండు గదనే. పద్దెనిమిదేండ్లకు వచ్చిన. చిన్న పోరగాండ్లకు వీసా రాదని ఇర్వై రెండు రాయించిండు. నీకు తెల్వదా? ఇద్దరం ఒక్క ఏజెంట్ కాడికే గదా పోయినం."

"తెలుసురా. కని రూల్ గట్లున్నది. నీకొక్కనికి మార్చితే రేపు అరవై మంది వస్తరు."

"ఎనిమిదేండ్ల సంది బాధ్యున్ని. దవాఖాన్ల సుట్టు తిరిగినప్పుడు ఎవ్వడు నా పాస్‌పోర్ట్ అడుగలే."

"పాస్‌పోర్ట్ ఏం చెప్తే అదే, భూమేశ్. ఖలాస్" అన్నాడు అన్న. గొంతు పెంచలేదు. పక్క పేరు చదివాడు.

భూమేశ్ చివరిదాకా కూర్చుని అందరితోపాటే లేచాడు. ప్లేటు తీసుకోవడానికి నేను వెళితే కేకు అలాగే ఉంది. "చెల్లె, పొల్లకు పెట్టు" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం నుంచి అతను రాలేదు. తనంతట తానే వాట్సాప్ గ్రూపుల్లోంచి వెళ్లిపోయాడని అన్న వదినతో చెప్పాడు. "రెండు దినాలు అలుగుతడు. మల్ల అస్తడు" అన్నాడు.

అన్న తన ఫారం చివరన ఇచ్చాడు. ముందు అందరివీ కానీయమన్నాడు. మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేరు. షావలి వెనక గదిలో అన్నం తింటున్నాడు. ఫారం అన్న చేతిరాత. మల్లేశ్, తండ్రి పేరు, ఊరు, మండలం, బాధ్యత: కన్వీనరు. పుట్టిన తేదీ 12-6-1989. వెనక పాస్‌పోర్టు జిరాక్సు. అందులో 01-01-1986 అని ఉంది.

నేను రెండుసార్లు చూశాను. మా ఇంట్లో అన్న వయసు ఎప్పుడూ బడి సర్టిఫికెట్‌దే. అమ్మ చెప్పేది అదే. వదినకు తెలిసిందీ అదే. పాస్‌పోర్టులో వేరే మనిషి ఉన్నాడని ఎవరం అనుకోలేదు. అన్న మరిచిపోయాడో, గుర్తుండే ఆ తేదీ రాశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫోన్ చేశాను. అవతల మిషన్ల చప్పుడు.

"అన్నా, నీ ఫారం కొడుతున్న. పాస్‌పోర్ట్‌ల ఎనభై ఆరున్నది."

మిషన్ల చప్పుడు దూరమైంది, అన్న పక్కకు వెళ్లినట్టున్నాడు.

"స్కూల్‌ది కొట్టు సుభా. నా వయసు అందరికి ఎర్కే గదా."

"భూమేశన్నది గూడ అందరికి ఎర్కే."

"అది వేరే. గిది వేరే. నేను లేకుంటే పనులు ఎవరు జేస్తరు? మేనేజర్ వస్తుండు, పెట్టేస్తున్న. స్కూల్‌ది కొట్టు."

ఆ రోజు కొట్టలేదు. సాయంత్రం వంటగదిలో వదిన బీరకాయ చెక్కు తీస్తోంది. పక్క గదివాళ్ల కుక్కరు పొయ్యి మీద ఉంది, మా వంతు ఇంకా రాలేదు. విషయం మొత్తం చెప్పాను. వదిన చెక్కు తీయడం ఆపలేదు. అంతా విన్నాక, "నన్ను అడుగకు సుభా" అంది. "నేనేం చెప్పినా నా కోసం చెప్పినట్టే అయితది."

కుక్కరు మూడు కూతలు వేసింది. పక్క గదామె వచ్చి దించుకుంది. వదిన మా గిన్నె పొయ్యి మీద పెట్టింది.

మర్నాడు షాపు తెరిచిన వెంటనే అన్న ఫారం తీశాను. మిగిలిన నాలుగు వందల మందివి ఎలా కొట్టానో అలాగే, జిరాక్సులో ఉన్నది చూసి కొట్టాను. ఆ వరస ఎర్రబడింది. అన్న మీద నాకు కోపం లేదు. అతను ఊరికి పోకుండా ఆపాలనీ అనుకోలేదు, అనుకోలేదనే నా నమ్మకం. భూమేశ్ వరస ఎర్రగా ఉంచి, దాని కింద ఈ వరస తెల్లగా ఎలా ఉంచాలో నాకు తెలియలేదు. అంతే. షీట్ పంపేసి, ఎవరిదో అద్దె కాగితం కోసం వస్తే అది చేయడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత మూడు వారాలు అన్న ఇంట్లో కాలు నిలవలేదు. ఎవరెవరు ఊరికి వస్తారు, ఎవరికి సెలవు దొరకదు, ఎవరి ఇంట్లో ఎన్ని ఓట్లు, అన్నీ రాసుకున్నాడు. తెల్ల చొక్కాలు నాలుగు కొన్నాడు. వదిన వాటిని ఇస్త్రీ చేసి, పెట్టె తీసి, అందులో పెట్టింది. నేను చూస్తూ ఉన్నాను. చెప్పాలని రెండుసార్లు అనుకున్నాను. పెట్టె మూసిన చప్పుడు విన్నాక అది కూడా అనుకోలేదు.

లిస్టు ఒక బుధవారం సాయంత్రం వచ్చింది. అన్న అప్పుడే బస్సు దిగి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. ఫోన్ మోగిన చప్పుడుకు ఒక బూటు విప్పి, రెండోది అలాగే ఉంచి, తెరిచాడు. పేజీ పైకి కిందికి జరిపాడు. వేళ్లతో పెద్దది చేసి చూశాడు. గల్ఫ్ శాఖ అధ్యక్షుడు: ప్రసాద్. దుబాయ్‌లో ఏదో ఆఫీసులో పనిచేసే కుర్రవాడు, ఇరవై ఏడేళ్లు, పార్టీలోకి వచ్చి రెండేళ్లు. అన్న పేరు కన్వీనర్లలోనూ లేదు.

హైదరాబాదుకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టలేదు గాని గది చిన్నది, అవతలి మాట వినపడింది.

"మీ డేట్ ఎనభై ఆరుంది అన్నా. సిస్టమ్ తీసుకోలే. మెయిన్ పార్టీల ఎన్నారై విభాగం ఉంది, అందుల ట్రై చేయండి."

ఎన్నారై విభాగంలో కుర్చీలన్నీ దుబాయ్‌లో సొంత కంపెనీలున్న పెద్దమనుషులవి. అన్నకు ఆ సంగతి తెలుసు, అవతలివాడికీ తెలుసు. "సరే తమ్మీ" అని అన్న పెట్టేశాడు.

నేను గుమ్మంలో బకెట్ దగ్గర బియ్యం కడుగుతున్నాను. అన్న నా వైపు చూశాడు.

"పాస్‌పోర్ట్‌ల అట్లనే ఉన్నది అన్నా" అన్నాను.

వదిన సంజన జడ అల్లుతోంది. ఆమె చేతులు ఆగాయి.

అన్న వంగి రెండో బూటు విప్పాడు. రెండు బూట్లూ జత చేసి తలుపు పక్కన పెట్టాడు. "బియ్యం కింద పోతున్నయి, చూస్కో" అన్నాడు. నిజంగానే పోతున్నాయి. నేను వంచిన గిన్నె అలాగే పట్టుకుని ఉన్నాను.

ఆ ఆదివారమే ప్రసాద్ వచ్చాడు, ఇద్దరు మిత్రులతో. మంచి సెంటు వాసన. కేకు అతనే తెచ్చాడు, పెద్దది. గుమ్మంలోనే వంగి అన్న కాళ్లకు దండం పెట్టబోయాడు.

"మీ ఆశీస్సులు కావాలె కాకా."

అన్నను అప్పటిదాకా ఎవరూ కాకా అనలేదు. మంచం మీదున్న హన్మంతు బాపు గట్టిగా దగ్గాడు.

"వీన్ని కాకా అంటే నన్నేమంటవురా? తాతనా?"

"మీరు సీనియర్లు బాపూ. మీరందరు ఉంటెనే మేము."

"ఉన్నం, ఉన్నం. యాడికి పోతం. కూసో."

ప్రసాద్ వచ్చింది ఫోన్ నంబర్ల కోసం, గ్రూపుల కోసం. క్యాంపులన్నిటి గ్రూపులూ అన్న చేతిలోనే ఉండేవి. అన్న ఒక్కొక్క గ్రూపులో ప్రసాద్‌ను అడ్మిన్ చేశాడు. చేసిన ప్రతి గ్రూపులోంచీ తాను బయటకు వచ్చాడు. ఉండమని ప్రసాద్ రెండుసార్లు అన్నాడు, మూడోసారి అనలేదు. నలభై ఒక్క గ్రూపులు. గంట దాకా పట్టింది. మధ్యలో ఒక్కో పేరు దగ్గర ఆగి, "గీ క్యాంపుల నీళ్ల సమస్యున్నది, మర్వకు", "గీ పిల్లగాడు తాగుతడు, డబ్బు చేతికియ్యకు" అని చెబుతున్నాడు. ప్రసాద్ మిత్రుడు ఫోటో తీశాడు. తర్వాత వాళ్లు వెళ్లిపోయారు. సగం పైన కేకు మిగిలింది. సంజన రెండు రోజులు తింది.

ఆ రాత్రి నుంచి అన్న ఫోన్ మోగలేదు. అంతకుముందు నిమిషానికి ఒకసారి మోగేది, వదిన విసుక్కునేది. ఇప్పుడు అన్న బస్సు దిగి వచ్చి, స్నానం చేసి, సంజన పక్కన కూర్చునేవాడు. ఎక్కాలు చెప్పించేవాడు. పెట్టెలోంచి తెల్ల చొక్కాలు ఎప్పుడు బయటకు వచ్చాయో తెలియదు. ఒకటి వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు, గ్రీజు మరక పడింది. వదిన నానబెట్టి ఉతికింది గాని పోలేదు. మిగిలిన మూడు కూడా డ్యూటీకే వాడాడు.

నాతో మాట్లాడలేదని కాదు. "టీ ఉన్నదా", "షాపు కాడ పని ఎట్లున్నది" అనేవాడు. కానీ అంతకుముందు నన్ను రోజుకు పదిసార్లు పిలిచేవాడు, ఇది కొట్టు, అది చూడు అని. ఆ పిలుపులు లేవు. షాపులో షావలి కూడా ఒకరోజు అన్నను చూసి ఏదో అనబోయి ఆగాడు. "ఏమ్మే సుభాషిణీ, మీ అన్న ఏందిట్లా చిక్కిపాయె?" అని నన్ను అడిగాడు. పని ఎక్కువైందన్నాను.

నవంబరు ముప్పై గురువారం. పోలింగు. అన్న డ్యూటీకి పోయాడు. ఊరికి వెళ్లినవాళ్లు వేలికి సిరా చుక్క చూపిస్తూ ఫోటోలు పెట్టి ఉంటారు. అవి గ్రూపుల్లోకి వస్తాయి. సాయంత్రం అన్న ఇంటికొచ్చాక అతని ఫోన్‌కు మాత్రం మా అమ్మ ఒక్కతే ఫోన్ చేసింది, ఓటేసి వచ్చానని, లైన్లో కాళ్లు గుంజాయని. ఎవరికి వేశావని అన్న అడగలేదు. ఆదివారం ఫలితాలు వచ్చాయి. ఆ రోజు అన్న ఇంట్లో లేడు. పొద్దున్నే లేచి, గడ్డం చేసుకుని, గళ్ల చొక్కా వేసుకుని బయలుదేరాడు.

"యాడికి?" అంది వదిన.

"క్యాంపుకు. భూమేశ్ కాడికి."

"ఫోన్ చేసినవా?"

"ఎత్తుతలేడు."

క్యాంపు ఫ్యాక్టరీ దగ్గరే, రోజూ పోయే దారే. సెలవు రోజు కంపెనీ బస్సు ఉండదు కాబట్టి మామూలు బస్సులో పోయాడు. మధ్యాహ్నం వదిన అతనికి అన్నం, పప్పు గిన్నెలో పెట్టి మూత వేసింది. రెండయింది, మూడయింది. పక్క గదిలో టీవీలో ఏవో అంకెలు చదువుతున్నారు. సంజన నిద్రపోయింది. నేను బట్టలు మడుస్తున్నాను, మడిచినవే మళ్లీ మడుస్తున్నానని వదిన అంటే తెలిసింది.

నాలుగున్నరకు వచ్చాడు. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వదిన నీళ్లు ఇచ్చింది.

"కలిసిండా?"

"కలిసిండు."

"ఏమన్నడు?"

"ఏమనలే. నాదే నేను చెప్పిన. నాది గూడ ఎర్రగనే వచ్చిందిరా, నువ్వు జెప్పిన నాడు నేను ఇనలే అని." అన్న గ్లాసు చేతిలో తిప్పాడు. "నవ్విండు. మన వయసు ఏజెంట్ చేతుల పెట్టి వచ్చినం గదనే అన్నడు. మల్ల లేచి అన్నం పెట్టిండు."

"తిన్నవా?"

"తిన్న. వానికి వంట రాదు. ఉప్పెక్కువ." నా వైపు తిరిగాడు. చాలా రోజుల తర్వాత నా ముఖం చూసి మాట్లాడాడు. "వాని పాస్‌పోర్ట్ గడువు అయిపోతున్నదట సుభా. కొత్తదాని ఫారానికి రేపు నీ షాపుకు వస్తడు. కొంచెం చూసి కొట్టు."

"చూస్త అన్నా" అన్నాను.

వదిన మూత పెట్టిన గిన్నె తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెట్టింది.